ఇరవై నిమిషాల లెక్క

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒక్క రోజే 34 మంది మహిళలకు కు.ని. (కుటుంబ నియంత్రణ) ఆపరేషన్లు చేశారు. డబుల్ పంక్చర్ లాప్రోస్కోపీ. ఆసుపత్రి వాడుకలో డీపీఎల్. పొట్ట మీద రెండు చిన్న గాట్లు, కాసేపటి పని, తొందరగా ఇంటికి పోవచ్చన్న భరోసా. వారం తిరగకముందే ఆ 34 మందిలో నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షనే కారణమని విచారణలో తేలింది. మిగతావాళ్లను హైదరాబాద్‌లోని పెద్దాసుపత్రులకు తరలించి వైద్యం చేయించారు.

అంతకు ఎనిమిదేళ్ల ముందు, 2014 నవంబరులో, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ దగ్గర ఒకే శిబిరంలో కొద్ది గంటల్లో 83 మందికి ఇలాంటి ఆపరేషన్లే చేశారు. ఆ జిల్లాలో శిబిరాలకు వెళ్లిన మహిళల్లో 13 మంది ప్రాణాలు పోయాయి. అక్కడ ఇచ్చిన మాత్రల మీద కూడా అనుమానాలు రేగాయి. శిబిరాల పద్ధతికే మూడేళ్లలో స్వస్తి చెప్పాలని సామాజిక కార్యకర్త దేవికా బిశ్వాస్ వేసిన కేసు తీర్పులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరులో ఆదేశించింది.

ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా చర్చ డాక్టరు నిర్లక్ష్యం దగ్గర మొదలై సస్పెన్షన్ ఉత్తర్వు దగ్గర ఆగిపోతుంది. తప్పు ఎవరిదో తేలాల్సిందే. అయితే ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ ఎలా పుడుతుందో తెలియాలంటే మనుషుల కంటే ముందు గోడ గడియారాన్ని చూడాలి. సూక్ష్మజీవి పెరగడానికి ఇంత సమయమని ఉంది. దాన్ని చంపే ప్రతి పద్ధతికీ, ల్యాబ్‌లో గుర్తుపట్టే ప్రతి పరీక్షకూ అలాగే ఒక గడువు ఉంది. ఎంత పెద్ద డాక్టరు చెప్పినా, పైనుంచి ఎంత టార్గెట్ వచ్చినా ఆ గడువు ఒక్క నిమిషం కూడా తగ్గదు.

పేగుల్లో కాపురముండే ఈ.కోలై బాక్టీరియానే తీసుకుందాం. ఒంటి వేడి, తేమ, తిండి దొరికితే అది సుమారు ఇరవై నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. పొద్దున ఎనిమిదింటికి ఒక్కటి ఉందనుకుంటే, అడ్డూ ఆపూ లేకపోతే, సాయంత్రం నాలుగింటికి అవి ఒక కోటీ అరవై ఏడు లక్షలు దాటతాయి. ఒంట్లో ఇంత వేగం సాగదు. తెల్లరక్తకణాలు వాటిని మింగేస్తుంటాయి, తిండి చాలదు, చోటు చాలదు. కానీ గాయంలో గడ్డకట్టిన నెత్తురు, పొట్ట లోపల మిగిలిపోయిన కొద్దిపాటి ద్రవం, నరంలోకి దూర్చిన ప్లాస్టిక్ గొట్టం లాంటి చోట్లకు రోగి రక్షణ బలగం సరిగ్గా చేరుకోలేదు. ఆసుపత్రి ఇన్ఫెక్షన్లలో చాలా భాగం అక్కడే మొదలవుతాయి.

ఇప్పుడు ఇంకో ఇరవై నిమిషాల సంగతి. లాప్రోస్కోపు సన్నని గొట్టం; లోపల అద్దాలు, కాంతిని మోసే తీగలు ఉంటాయి. మామూలు కత్తెరలా దాన్ని ఆవిరిలో వేస్తే చాలా రకాలు పాడైపోతాయి. అందుకే ఒక ఆపరేషన్‌కూ మరో ఆపరేషన్‌కూ మధ్య రెండు శాతం గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో ముంచి ఉంచుతారు. దీనికి కనీసం ఇరవై నిమిషాలు పడుతుంది. అదీ రాజీ పద్ధతే. పొట్ట లోపలికి వెళ్లే ఏ పరికరమైనా పూర్తిగా క్రిమిరహితం కావాలన్నది నియమం. ఇదే ద్రావణంలో బాక్టీరియా బీజాలు (గట్టి పెంకులో నిద్రాణంగా ఉండే రూపాలు) కూడా చచ్చేంతగా శుద్ధి కావాలంటే పది గంటలు నానాలి. పది గంటలు కుదరదు కాబట్టి ఇరవై నిమిషాలకు ఒప్పుకున్నాం. అందులోంచి మళ్లీ కోత వేస్తే మిగిలేది పరికరాన్ని తడిపి తీయడమే.

ముంచే ముందు చేయాల్సిన పని కూడా తక్కువేం కాదు. పరికరాన్ని విప్పి, బ్రష్‌తో తోమి, నెత్తురు చారలన్నీ పోయేదాకా కడగాలి. ఎండిన నెత్తురు కింద దాక్కున్న బాక్టీరియాకు ఏ రసాయనమూ తగలదు. పైగా గ్లుటరాల్డిహైడ్ ఆ మాంసకృత్తులను గట్టిపరిచి పెంకులా చేస్తుంది. ముంచి తీశాక క్రిమిరహితమైన నీళ్లతో కడగాలి, ఆరబెట్టాలి. అన్నీ కలిపితే ఒక్కో విడతకు అరగంటకు పైనే. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం ఒక బృందం మూడు లాప్రోస్కోపులతో రోజుకు 30 ఆపరేషన్లకు మించి చేయకూడదు. ఈ అంకె వెనక ఉన్నది ఇదే లెక్క. మూడు పరికరాలు అరగంటకోసారి తిరిగితే గంటకు ఆరు ఆపరేషన్లు, 30 మందికి ఐదు గంటలు. ఒకే పరికరంతో 83 మందికి చేయాలంటే, నానబెట్టే సమయమే 27 గంటలు దాటుతుంది. ఆ సమయం కొద్ది గంటల్లోకి ఎలా ఒదిగింది అన్న ప్రశ్నకు ఒకటే జవాబు ఉంటుంది, దానికి విచారణ సంఘం అక్కర్లేదు.

ఆటోక్లేవ్‌ది కూడా సమయం కథే. అది మన వంటింటి కుక్కర్‌కు పెద్దన్న. 121 డిగ్రీల వేడి, చదరపు అంగుళానికి 15 పౌన్ల పీడనం. కుక్కర్ గొట్టంలోంచి ఆవిరి ధారగా వచ్చాకే వెయిట్ పెట్టాలని పాతకాలపు ఇల్లాళ్లు చెప్పేవారు. లోపలి గాలి పూర్తిగా పోవాలని ఆ జాగ్రత్త. ఆటోక్లేవ్‌లోనూ గాలి మిగిలితే ఆ చోట వేడి చాలదు, క్రిమి చావదు. గుడ్డలో చుట్టిన పరికరాల మూటకు 121 డిగ్రీల దగ్గర అరగంట కావాలి. స్విచ్ వేసినప్పటి నుంచి కాకుండా, వేడి 121కి చేరినప్పటి నుంచి లెక్క. మూటలు కిక్కిరిసేలా పెడితే ఆవిరి నడుమ దాకా దూరదు. తడిగా బయటికి వచ్చిన మూటను వాడకూడదు, తడి గుడ్డ బయటి సూక్ష్మజీవులను దూది నీళ్లు పీల్చినట్టు లోపలికి పీలుస్తుంది. మూటకు అంటించిన టేపు మీద నల్ల చారలు వచ్చాయి కదా అని చాలామంది ధైర్యపడతారు. అది వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది. నిజంగా చచ్చాయా లేదా అన్నది జియోబాసిల్లస్ స్టియరోథర్మోఫిలస్ అనే మొండి బాక్టీరియా బీజాలను లోపల పెట్టి, తర్వాత వాటిని పెంచి చూస్తేనే తెలుస్తుంది. ఆ పరీక్షను క్రమం తప్పకుండా చేసి రిజిస్టరులో రాసే ఆసుపత్రిని నమ్మవచ్చు.

గ్లుటరాల్డిహైడ్ తర్వాత కడిగే నీళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడ జరిగే పొరపాటు నెల దాటాక గానీ కనిపించదు. కొన్ని చోట్ల కుళాయి నీళ్లతోనే కడిగేస్తారు. కుళాయి నీళ్లలో క్షయ బాక్టీరియాకు దూరపు చుట్టాలు కొన్ని ఉంటాయి. మైకోబాక్టీరియం ఫార్చుయిటమ్, మైకోబాక్టీరియం కెలోనే లాంటివి. క్లోరిన్‌కు ఒక పట్టాన లొంగవు. లాప్రోస్కోపీ చేయించుకున్న మనిషి కుట్లు మాని, పనిలో పడి, మూడు నాలుగు వారాల తర్వాత బొడ్డు దగ్గర గట్టి గడ్డతో తిరిగి వస్తుంది. పిండితే పలచటి చీము. మామూలు యాంటీబయాటిక్ రాస్తారు, తగ్గదు. చీమును కల్చర్‌కు, అంటే పళ్లెంలో బాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు పంపితే రెండు రోజుల్లో బాక్టీరియా ఏమీ పెరగలేదని రిపోర్టు వస్తుంది. ల్యాబ్ పళ్లేన్ని 48 గంటలు ఉంచి పారేసింది; ఈ రకం సూక్ష్మజీవి కంటికి కనిపించడానికి వారం దాకా పట్టవచ్చు. ఇలా ఏం పెరగలేదు అన్న రిపోర్టు పట్టుకుని నెలల తరబడి డాక్టర్ల చుట్టూ తిరిగిన వాళ్లు మన దేశంలో తక్కువేం కాదు. ల్యాబ్‌కు పంపే చీటీ మీద "లాప్రోస్కోపీ అయిన నెలకు వచ్చిన గడ్డ" అని ఒక్క వాక్యం రాసి ఉంటే మైక్రోబయాలజిస్టు ఆ పళ్లేన్ని అట్టే పెట్టేవారు.

మెడికల్ మైక్రోబయాలజీ అంటే బయటివాళ్లకు పేర్లు బట్టీ పట్టే చదువుగా కనిపిస్తుంది. రోగి మంచం దగ్గర దాని విలువంతా సమయంలోనే ఉంది. డెన్మార్క్ డాక్టరు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో ప్రకటించిన రంగుల పరీక్ష ఇప్పటికీ ప్రతి ల్యాబ్‌లో తొలి మెట్టు. ఊదా రంగు పోసి, అయోడిన్ పోసి, ఆల్కహాల్‌తో కడిగి, చివర ఎర్ర రంగు పోస్తారు. మందపాటి గోడ ఉన్న బాక్టీరియా ఊదాగానే మిగులుతుంది, పలచని గోడ ఉన్నది గులాబీ రంగుకు మారుతుంది. మొదటి దాన్ని గ్రామ్ పాజిటివ్ అంటారు, రెండో దాన్ని గ్రామ్ నెగటివ్. కొద్ది నిమిషాల పని. కానీ ఏ మందు మొదలుపెట్టాలో డాక్టరుకు ఆ గంటలోనే ఒక దారి చూపిస్తుంది. పళ్లెంలో పెంచి పేరు తెలుసుకోవడానికి ఇంకో రోజు, ఏ మందుకు లొంగుతుందో చూడటానికి మరో రోజు.

ఈలోగా నమూనా పాడైతే ఎంత మంచి ల్యాబైనా తప్పే చెబుతుంది. మూత్రంలో మిల్లీలీటరుకు లక్ష బాక్టీరియా ఉంటే ఇన్ఫెక్షన్ ఉన్నట్టు లెక్క వేయడం రివాజు. సీసాలో పట్టినప్పుడు వెయ్యే ఉన్నాయనుకుందాం. ఏడు సార్లు రెట్టింపయితే లక్ష దాటుతుంది. విజయవాడలో మే నెల మధ్యాహ్నం, అటెండెంటు ఆ సీసాను కిటికీ దగ్గర పెట్టి భోజనానికి వెళ్లి వచ్చేసరికి లేని జబ్బు పుట్టుకొస్తుంది, దానికి యాంటీబయాటిక్ కూడా రాసేస్తారు. అందుకే రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి. రక్తం కల్చర్‌దీ ఇలాంటి బాధే. పెద్దవాళ్లకు ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్లు పోయాలి, తొలి యాంటీబయాటిక్ డోసు పడకముందే తీయాలి. మన ఊళ్లలో జ్వరం వచ్చిన మనిషి ఆసుపత్రికి చేరేలోపే ఆర్‌ఎంపీ దగ్గర రెండు ఇంజెక్షన్లు, మెడికల్ షాపులో మూడు మాత్రలు అయిపోతాయి. ఆ తర్వాత తీసిన కల్చర్‌లో బాక్టీరియా పెరగకపోతే ల్యాబ్‌ను తప్పుపట్టి లాభం లేదు.

సూది గుచ్చే ముందు చర్మం తుడిచే దృశ్యం ఏ వార్డులోనైనా చూడవచ్చు. దూదితో రుద్దుతారు, ఆ వెంటనే గుచ్చేస్తారు. క్లోరెక్సిడిన్ కలిపిన స్పిరిట్ ఆరడానికి అర నిమిషం పడుతుంది, పావిడోన్ అయోడిన్‌కు ఇంకా ఎక్కువ. ఆరే ఆ వ్యవధిలోనే అది పని చేస్తుంది. తడి మీద గుచ్చిన సూది చర్మం మీది స్టాఫిలోకాకస్ బాక్టీరియాను తోడు తీసుకుని లోపలికి వెళుతుంది. రోగికి లేని ఇన్ఫెక్షన్ కల్చర్ సీసాలో పెరుగుతుంది, లేదా నరంలో ఉంచిన క్యాన్యులా గొట్టం దగ్గర నిజంగానే చీము పడుతుంది.

చేతుల శుభ్రత గురించి కోవిడ్ కాలంలో అందరూ విన్నారు కాబట్టి పాఠం అక్కర్లేదు. స్పిరిట్ ద్రావణంతో 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు; ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లోని అంకెలివి. అయితే ఒక చిన్న లెక్క వేసి చూడాలి. 30 మంచాల వార్డులో రాత్రి డ్యూటీకి ఒకే నర్సు ఉన్నారనుకుందాం. ఒక్క విడత మందులు ఇవ్వడానికే ప్రతి రోగికి ముందొకసారి, తర్వాత ఒకసారి చేతులు శుభ్రం చేసుకుంటే అర నిమిషం చొప్పున అరగంట. డ్రెస్సింగులు, సెలైన్లు, కాథెటర్లు కలిపితే గంటలు. గోడ మీద పోస్టరు అంటించడం సులువే. ఆ గంటలను డ్యూటీ చార్టులో ఎక్కడ చూపించారు? ఒకరు చేయాల్సిన చోట ముగ్గురి పని మోస్తున్న మనిషిని "చేతులు కడుక్కోలేదు" అని నిలదీయడం అన్యాయం. చేతి తొడుగులు వేసుకున్నాం కదా అనే వాదన మరీ ప్రమాదం. ఒకే జత తొడుగులతో నాలుగు మంచాలు తిరిగితే రక్షణ ఆ వేసుకున్నవాళ్లకే, రోగులకు కాదు.

1847లో వియన్నా జనరల్ ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ కనిపెట్టింది చేతులు కడగడాన్ని మాత్రమే కాదు. ఆయన లెక్క రాశాడు. శవపరీక్షలు చేసి వచ్చే వైద్య విద్యార్థులు పురుళ్లు పోసే మొదటి విభాగంలో 1846లో బాలింత మరణాలు 11.4 శాతం, మంత్రసానులు చూసే రెండో విభాగంలో 2.8 శాతం. క్లోరిన్ సున్నం నీళ్లతో చేతులు కడగడం మొదలయ్యాక, 1847 ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు జూన్ నాటికి రెండు శాతం దగ్గరికి దిగాయి. రెండు విభాగాల అంకెలు పక్కపక్కన పెట్టి చూసినందుకే తేడా కనిపించింది.

లెక్క రాయని చోట ఇన్ఫెక్షన్ సున్నా అనే అంటారు. నిజమైన లెక్కకు కింద హారం ఉండాలి. మెడ నరంలో వేసే సెంట్రల్ లైన్ అనే గొట్టం ఎన్ని రోజులు ఉందో అందరికీ కలిపి, వెయ్యి రోజులకు ఎన్ని రక్తపు ఇన్ఫెక్షన్లు వచ్చాయో చూస్తారు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 103 ఐసీయూల్లో జరిగిన ప్రయత్నం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. చేతులు కడగడం, తల నుంచి కాళ్ల దాకా స్టెరైల్ గుడ్డ కప్పడం, చర్మానికి క్లోరెక్సిడిన్, వీలైతే తొడ నరాన్ని వదిలేయడం, అక్కర్లేని లైనును తీసేయడం. అంతే. వెయ్యి లైను రోజులకు సగటున 7.7గా ఉన్న ఇన్ఫెక్షన్లు ఏడాదిన్నరలో 1.4కు తగ్గాయి.

ఆ ప్రయత్నంలో మన ఆసుపత్రులు అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించాల్సిన సంగతి మరొకటి ఉంది. ఏ మెట్టు తప్పినా, అత్యవసరం కాని పక్షంలో, డాక్టరును అక్కడికక్కడే ఆపే అధికారం చుట్టూ ఉన్నవాళ్లకు ఇచ్చారు. మన ఐసీయూలో ఒక స్టాఫ్ నర్సు "సార్, ఒక్క నిమిషం ఆగండి, మీ చేయి ట్రే అంచుకు తగిలింది, గ్లౌజులు మార్చుకోండి" అనగలదా? అంటే ఆ డాక్టరు "థ్యాంక్స్ సిస్టర్" అని మార్చుకుంటారా, లేక మర్నాడు ఆమె డ్యూటీ ఇంకో వార్డుకు మారుతుందా? ఇన్ఫెక్షన్ కమిటీ పేరుతో ఎన్ని ఫైళ్లు ఉన్నా, ఈ ఒక్క సంభాషణ సాగని చోట అవన్నీ కాగితాలే. స్టెరైల్ పద్ధతి మన మడి లాంటిదని తెలుగు నర్సింగ్ విద్యార్థులకు కొందరు ఉపాధ్యాయులు చెబుతుంటారు: ఒక్కసారి తగిలితే మొత్తం పోయినట్టే, సగం మడి లేదు. పోలిక బాగానే ఉంది, అయితే మడి మనిషి పుట్టుకను చూసి దూరం పెట్టింది. ఇక్కడ ఏది దేన్ని తాకిందన్నదే చూడాలి. తాకింది ప్రొఫెసర్ చేయి అయినా తేడా లేదు.

ఇక యాంటీబయాటిక్ సంగతి. ఆపరేషన్‌లో ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే డోసును గాటు పెట్టడానికి ముందు గంటలోపు ఇస్తే, కత్తి పడే వేళకు మందు కండరంలో సిద్ధంగా ఉంటుంది. మామూలు శుభ్రమైన ఆపరేషన్లకు 24 గంటల తర్వాత దాని అవసరం లేదు. కానీ కుట్లు విప్పేదాకా మాత్రలు రాయడం ఇక్కడ ఆనవాయితీ అయిపోయింది. పరికరాల దగ్గర మిగుల్చుకున్న ఇరవై నిమిషాలను ఐదు రోజుల మాత్రలతో పూడ్చాలనుకోవడం ఇది. పూడదు, పైగా మందుకు లొంగని వాటినే బతికించి పెంచుతుంది. 2008లో మన దేశంలో వైద్యం చేయించుకుని వెళ్లిన స్వీడన్ రోగిలో బయటపడిన ఎన్‌డీఎం-1 అనే జన్యువు తయారుచేయించే ఎంజైము, మిగతావి పనిచేయనప్పుడు వాడే కార్బపెనెమ్ తరగతి మందులనే ముక్కలు చేస్తుంది. ఆ జన్యువు ఒక బాక్టీరియా నుంచి మరో జాతి బాక్టీరియాకు చేతులు మారుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థలోనే తొలి టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్, ఆరియోమైసిన్, వెలువడింది. 1948లో వాడుకలోకి వచ్చింది. ఆ తరం మందులు ఎన్నో ఇప్పుడు ఐసీయూ బాక్టీరియా ముందు పనిచేయడం లేదు. కొత్త మందు కోసం ఏళ్లు పడుతుంది. ఒక మంచం మీది బాక్టీరియా పక్క మంచానికి చేరకుండా ఆపడానికి అర నిమిషం.

నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని హైదరాబాద్ పాతతరం కోరంటి దవాఖాన అంటుంది. క్వారంటైన్ మన నోట్లో పడి అలా మారింది. ఇటలీ భాషలో దాని మూలానికి నలభై అని అర్థం. ఓడలను రేవు బయట నలభై రోజులు నిలిపి ఉంచిన నాటి మాట. అంటురోగాల ఆసుపత్రి పేరులోనే రోజుల లెక్క దాగి ఉంది. ఇప్పటి ఆసుపత్రి లెక్కలు వేరు. చేరినప్పుడు లేని ఇన్ఫెక్షన్ 48 గంటలు దాటాక బయటపడితే అది ఆసుపత్రి ఖాతాలోదే. ఆపరేషన్ గాయానికైతే 30 రోజుల్లోపు వస్తే, తుంటి కీలు లాంటిది అమరిస్తే 90 రోజుల్లోపు వస్తే.

కు.ని. ఆపరేషన్ చేయించుకున్న మహిళ ఆ 30 రోజుల్లో దాదాపు అన్నీ ఇంట్లోనే గడుపుతుంది. చంటిపిల్లను ఎత్తుకుంటుంది, నీళ్లు మోస్తుంది, కడుపునొప్పి వస్తే ఆపరేషన్ నొప్పే అనుకుని ఓర్చుకుంటుంది. ప్రభుత్వ ప్రమాణాల్లో ఆమె కోసం మూడు తేదీలు ఉన్నాయి: 48 గంటల్లోపు ఆరోగ్య కార్యకర్త పలకరింపు, ఏడో రోజు కుట్ల పరీక్ష, నెలకు లేదా ముట్టు వచ్చాక మరోసారి. ఆ మొదటి పలకరింపులో అడగాల్సినవి జ్వరం వచ్చిందా, పొట్ట ఉబ్బిందా, వాంతులు అవుతున్నాయా, గాటు దగ్గర తడి ఉందా అన్నవే. నాలుగు ప్రశ్నలకు నాలుగు నిమిషాలు చాలు. అవును అన్న జవాబు ఒక్కటి వచ్చినా ఆ పూటే పెద్దాసుపత్రికి పంపాలి, ఎందుకంటే అప్పటికే ఆమె పొట్టలో ఇరవై నిమిషాల లెక్క నడుస్తూ ఉంటుంది.